మట్టిని కాపాడుకునే సాగు: తరచుగా అడిగే ప్రశ్నలు

మాది పాలమూరు వైపు. నాలుగెకరాల ఎర్ర చెలక. ఎరువులూ మందులూ తగ్గించి సాగు చేస్తున్నామని నలుగురికీ తెలిసినప్పటి నుంచి ఫోన్లు వస్తూనే ఉన్నాయి. అడిగేవాళ్లు మారతారు గానీ ప్రశ్నలు చాలావరకు అవే. ప్రతిసారీ ఫోన్లో చెప్పే బదులు ఒకసారి రాసిపెడితే మేలనిపించింది. నేను శాస్త్రవేత్తను కాను. లెక్క తెలిసిన చోట లెక్క చెప్పాను, చేసి చూసిన చోట అనుభవం చెప్పాను.

మా తాత దున్నిందీ ఈ భూమే, నేను దున్నుతున్నదీ ఈ భూమే. కొత్తగా దీనికి ఏమైంది?

భూమి అదే. పైన ఉన్న మట్టి మాత్రం అదే కాదు. తాత కాలంలో కొట్టంలో ఎడ్లు, బర్రెలు ఉండేవి. వాటి పెంటను వేసవిలో బండ్లకెత్తి చెలకకు తోలేవాళ్లు. గొర్రెల మంద కట్టించేవాళ్లు. జొన్న సాళ్ల మధ్య కందో, అలసందో, పెసరో ఏదో ఒకటి ఉండేది. కోత అయ్యాక మొదళ్లు, రాలిన ఆకు పొలంలోనే ఉండేవి. ఇప్పుడు ఎడ్ల స్థానంలో ట్రాక్టర్ వచ్చింది, దాంతో పెంటా పోయింది. పత్తి కట్టె పీకి కాలబెడుతున్నాం. వేరుశనగ చెట్టును వేర్లతో సహా పీకి ఇంటికి తెచ్చుకుంటున్నాం. నేల నుంచి తీసుకునేది పెరిగింది, తిరిగి ఇచ్చేది మాత్రం బస్తాల్లో వచ్చే రెండు మూడు పోషకాలే.

ఇంకోటి, మట్టి కొట్టుకుపోవడం. దీని లెక్క ఒకసారి వేసి చూడండి. ఎకరం మీద ఒక్క మిల్లీమీటరు మందాన మట్టి పోయిందంటే అది నాలుగు ఘనపు మీటర్లు, బరువులో ఐదారు టన్నులు. అంటే రెండు ట్రాక్టర్ ట్రాలీల మట్టి. ఎవడైనా రాత్రిపూట మన చెలకలోంచి రెండు ట్రాలీల మట్టి ఎత్తుకుపోతే పొద్దున్నే పోలీస్ స్టేషన్‌లో ఉంటాం. అదే వాన ఎత్తుకుపోతే మనకు కంటికి కూడా ఆనదు. పైగా పోయేది పై పొర. మనం వేసిన ఎరువు, ఉన్న కాస్త సారం అందులోనే ఉంటాయి. ఒక్క అంగుళం మట్టి తయారవడానికి వందల ఏళ్లు పడుతుంది.

నా నేల బాగుందో లేదో ల్యాబుకు పోకుండా తెలుసుకోవచ్చా?

కొంతవరకు తెలుసుకోవచ్చు. రెండు గాజు గ్లాసుల్లో నీళ్లు పోయండి. గెట్టు మీద, ఏళ్లుగా దున్నని చోట, గడ్డి వేర్ల కింది నుంచి ఉసిరికాయంత మట్టిగడ్డ ఒకటి తీయండి. చెలక మధ్యలోంచి అంతే గడ్డ ఇంకోటి తీయండి. రెండూ నీడలో బాగా ఆరాక, మెల్లగా చెరో గ్లాసులో వదలండి.

మా చెలకలో మొదటిసారి చేసినప్పుడు మధ్యలోంచి తెచ్చిన గడ్డ నీళ్లలో పడగానే బుడగలు వదులుతూ, నానిన బిస్కెట్‌లా విరిగి, రెండు నిమిషాల్లో అడుగున ముద్దయిపోయింది. నీళ్లు టీ రంగుకు తిరిగాయి. గెట్టు మీది గడ్డ సాయంత్రం దాకా అట్లాగే ఉంది, నీళ్లు దాదాపు తేటగానే ఉన్నాయి. రెండింటి మధ్య దూరం పది అడుగులు. వేర్లు, బూజు దారాలు, సూక్ష్మజీవులు వదిలే జిగురు మట్టి రేణువుల్ని పట్టి ఉంచుతాయి. ఆ జిగురు లేని మట్టి వాన చినుక్కి విరిగి, మెత్తటి బురదై, సందులన్నీ మూసేస్తుంది. ఎండ రాగానే పైన పెచ్చు కడుతుంది. ఎర్ర నేలల్లో వేరుశనగ మొలక ఆ పెచ్చును చీల్చలేక లోపలే వంకర తిరగడం మీరూ చూసే ఉంటారు.

ఇంకో పరీక్ష పారతో. వానకాలం మధ్యలో, పదునున్నప్పుడు, అడుగు లోతు గుంట తీసి ఆ మట్టిని గోనెపట్టా మీద పరిచి చూడండి. ఎర్రలు (వానపాములు) కనిపిస్తున్నాయా, వేర్లు నిటారుగా దిగాయా లేక ఒక లోతు దగ్గర పక్కకు తిరిగాయా, వాసన ఎట్లా ఉంది? మంచి మట్టికి తొలకరి వాసన ఉంటుంది. గాలాడని మట్టి మురుగు కంపు కొడుతుంది.

అయితే మట్టి పరీక్ష అక్కర్లేదా?

కావాలి. గ్లాసు పరీక్షలో జింకు తక్కువుందో, చౌడు మొదలైందో తెలియదు. మట్టి పరీక్ష చేసి రిపోర్టు ఇచ్చే ప్రభుత్వ సాయిల్ హెల్త్ కార్డు పథకం 2015 ఫిబ్రవరిలో మొదలైంది. అందులో 12 అంశాలుంటాయి: నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్, ఉదజని సూచిక (పీహెచ్), లవణాల మోతాదు, సేంద్రియ కర్బనం (కుళ్లిన ఆకు, వేరు, పెంట నుంచి మట్టిలో మిగిలేది).

గొడవంతా శాంపిల్ దగ్గరే. గెట్టు పక్కన ఒక్క పిడికెడు మట్టి తీసి సంచిలో వేసి పంపితే వచ్చే రిపోర్టు ఆ పిడికెడు మట్టిదే, మీ పొలానిది కాదు. పొలంలో అడ్డదిడ్డంగా నడుస్తూ 8 నుంచి 10 చోట్ల, ‘వి’ ఆకారంలో 15 సెంటీమీటర్ల లోతు గుంట తీసి, పక్క గోడ నుంచి పైనుంచి కిందిదాకా ఒక పలుచటి పలక లాగా మట్టి గీకాలి. అన్నీ కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు భాగాలు ఉంచుకుని మిగతావి పారేయాలి. అట్లా అరకిలో మిగిలేదాకా చేయాలి. చెట్ల నీడ, పెంట కుప్ప పోసిన చోటు, కాలువ పక్క వద్దు. ఎరువు వేసిన వెంటనే వద్దు. ఎరువు బస్తా మీద మట్టి ఆరబెట్టడం అసలే వద్దు. వేసవిలో, పంట లేనప్పుడు తీస్తే నింపాదిగా చేసుకోవచ్చు. ఎర్ర నేల, నల్లరేగడి రెండూ ఉంటే దేనిది దానికే వేరుగా పంపండి.

రిపోర్టులో సేంద్రియ కర్బనం 0.3 శాతం అని వచ్చింది. ఎన్నాళ్లకు పెరుగుతుంది?

అందరికంటే ఎక్కువమంది అడిగేది ఇదే. అందరినీ నిరాశపరిచే జవాబూ ఇదే. 0.5 శాతం కంటే తక్కువుంటే తక్కువ అనీ, 0.75 దాటితే ఎక్కువ అనీ లెక్క. మన మెట్ట నేలల్లో 0.3 అనేది మామూలు సంగతి.

ఎకరంలో పై 15 సెంటీమీటర్ల మట్టి బరువు సుమారు 900 టన్నులు. అందులో కర్బనం 0.1 శాతం పెరగాలంటే 900 కిలోల కర్బనం మట్టిలో నిలవాలి. మీరు ఏటా 4 టన్నుల మాగిన పశువుల ఎరువు తోలారనుకోండి. సగం నీళ్లే. మిగిలిన 2 టన్నుల్లో కర్బనం నాలుగో వంతు వేసుకుంటే 500 కిలోలు. మన ఎండలకు సూక్ష్మజీవులు అందులో ఎక్కువ భాగాన్ని ఏడాది తిరక్కుండానే తినేసి గాలిలోకి వదులుతాయి. నిలిచేది వంద, నూట యాభై కిలోలు. ఇది మోటు లెక్కే, నేలను బట్టీ నీటిని బట్టీ మారుతుంది. కానీ దీన్నిబట్టి ఒకటి తెలుస్తుంది: ఒట్టి పెంట మీదే ఆధారపడితే 0.1 పెరగడానికి ఆరు నుంచి తొమ్మిదేళ్లు. వేర్లు తోడైతే, దుక్కులు తగ్గిస్తే, నేల మీద ఏదో ఒక కప్పు ఉంటే ఇంకాస్త ముందు. పదేళ్లలో 0.3 నుంచి 0.5కు తెస్తే గట్టి పనే చేసినట్టు.

కాబట్టి ఒక డబ్బా పోస్తే ఏడాదిలో కర్బనం రెట్టింపు అని ఎవరైనా అంటే ఆ డబ్బాలో ఎన్ని కిలోల కర్బనముందో అడగండి.

ఒక ఊరట మాత్రం ఉంది. రిపోర్టులో అంకె మారకముందే పొలం మారుతుంది. రెండో ఏడుకే మా చెలకలో పెచ్చు కట్టడం తగ్గింది. అప్పటికి కార్డు మీద అంకె అదే 0.3.

సుస్థిర సాగు అంటే సేంద్రియ సాగేనా?

కాదు. సేంద్రియ సాగులో రసాయన ఎరువులు, పురుగుమందులు వాడకూడదు, దానికి సర్టిఫికెట్ పద్ధతి ఉంది. ప్రకృతి సాగులో బయటి నుంచి కొనే సరుకు వీలైనంత తక్కువ, ఊళ్లో దొరికే పేడ, మూత్రం, ఆకులతోనే నడవాలి. సుస్థిర సాగుకు కొలత వేరు: ఇరవై ఏళ్ల తర్వాత ఆ భూమి ఇప్పటికంటే బాగుందా, చెడిందా?

దీనికి మన దగ్గరే మంచి ఉదాహరణ ఉంది. హైదరాబాద్ పక్కన పటాన్‌చెరులో ఇక్రిశాట్ (మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ) వాళ్లు 1976 నుంచి నల్లరేగడిలో రెండు పద్ధతుల్ని పక్కపక్కనే నడుపుతున్నారు. ఒకదాంట్లో పాత పద్ధతి: వానకాలం నేల ఖాళీగా ఉంచి, యాసంగిలో నిల్వ తేమ మీద జొన్నో శనగో. ఇంకోదాంట్లో వాలును చూసుకుని వెడల్పు మడులూ కాలువలూ చేసి, వానకాలంలోనే కందితో కలిపి జొన్నో మొక్కజొన్నో వేసి, తగుమాత్రం ఎరువులు వాడారు. పాత పద్ధతిలో హెక్టారుకు ఏటా టన్ను చుట్టుపక్కల గింజ వస్తే, రెండోదాంట్లో 5 టన్నుల దాకా వచ్చింది. కొట్టుకుపోయిన మట్టి పాత పద్ధతిలో ఏటా హెక్టారుకు 6 టన్నులకు పైన, రెండోదాంట్లో టన్నున్నర.

ఆ రెండో పొలం సేంద్రియ పొలం కాదు. అక్కడ ఎరువుల బస్తా వాడారు. అయినా మట్టి నిలిచింది, ఎందుకంటే వాన పడేటప్పుడు నేల మీద పంట ఉంది, నీళ్లు మెల్లగా నడిచాయి. నాకు అర్థమైనంతలో మట్టికి మొదటి శత్రువు బస్తా కాదు, బట్టలేని నేల. సేంద్రియమా, రసాయనమా అని మనం కొట్లాడుకుంటుంటే ఏప్రిల్, మే ఎండలో నున్నగా దున్ని వదిలేసిన చెలక గురించి ఎవరూ మాట్లాడరు.

అంటే యూరియా వాడొచ్చా? పూర్తిగా మానేయమని కొందరంటున్నారు.

ఒక్కసారిగా మానేయకండి. శ్రీలంకలో 2021లో ప్రభుత్వం రసాయన ఎరువుల దిగుమతిని ఒక్క దెబ్బతో ఆపేసింది. దిగుబడి పడిపోయి, రైతులు రోడ్ల మీదికి వస్తే అదే ఏడాది నవంబరులో వెనక్కి తగ్గారు. చచ్చుబడిన నేలకు బస్తా ఆపేస్తే ముందు కుంగేది పంటే.

45 కిలోల యూరియా బస్తాలో నత్రజని 46 శాతం, అంటే 20 కిలోల పైచిలుకు. టన్ను వడ్లు పండాలంటే వరి పైరు 15 నుంచి 20 కిలోల నత్రజని తీసుకుంటుంది. ఇది ఎక్కడినుంచో రావాలి. పప్పుజాతి పంట నుంచో, పచ్చిరొట్ట (పచ్చిగా ఉండగానే నేలలో కలియదున్నే పైరు) నుంచో, పెంట నుంచో వచ్చేలా చేసుకున్నాక ఆ మేరకు బస్తా తగ్గించాలి. మేము మొదటి ఏడు పావు వంతు, రెండో ఏడు సగం తగ్గించుకుంటూ వచ్చాం.

వాడేవాళ్లు కూడా ఒకేసారి కుమ్మరించకుండా రెండు మూడు దఫాలుగా వేయండి. ఎండిన నేల మీద, మండే ఎండలో చల్లితే అందులో కొంత ఆవిరై పోతుంది, ఆ డబ్బూ గాల్లోకే. పక్క పొలం నల్లగా ఉందని పోటీ పడి వేస్తే పైరు మెత్తబడి సుడిదోమను పిలిచినట్టే. భాస్వరం ఎక్కువుండే డీఏపీ ఎరువు సంగతి ఇంకోటి. ఏళ్ల తరబడి వేసిన పొలాల్లో భాస్వరం పేరుకుపోయి జింకు పైరుకు అందడం లేదు. వరి ఆకుల మీద తుప్పు మచ్చలు కనిపిస్తే ఇంకో బస్తా డీఏపీ కాదు, జింకు సంగతి చూడాలి. రిపోర్టులో భాస్వరం ఎక్కువని ఉంటే ఆ ఏడు డీఏపీ తగ్గించండి. రిపోర్టు వల్ల చేతికి వచ్చే మొదటి డబ్బు ఇదే.

ఒక ఏడు మా దగ్గర ఒక షాపులో రెండు బస్తాల యూరియా కావాలంటే అక్కర్లేని సీసా ఒకటి లింకు పెట్టి అంటగట్టారు. ఆ సీసా ఇంకా కొట్టంలోనే ఉంది. బస్తాలు తగ్గించాలన్న పట్టుదలకు సగం కారణం ఆ రోజు క్యూలో నిలబడ్డ మూడు గంటలే.

జీవామృతం నిజంగా పనిచేస్తుందా?

ఎకరానికి 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గెట్టు మీది పిడికెడు మట్టి. నీడలో ఉంచి రోజూ కలుపుతూ రెండు రోజుల తర్వాత వాడతాం. ఇది అందరికీ తెలిసిందే.

ఇందులో ఉండే నత్రజని మొత్తం కలిపినా పావుకిలో చుట్టుపక్కలే. కాబట్టి దీన్ని యూరియా బస్తాకు బదులు అనుకుంటే మోసపోతాం. ఇది పాలల్లో వేసే తోడులాంటిది. తోడు ఎంత మంచిదైనా పాలు లేకపోతే పెరుగు కాదు. పొలంలో ఆకు, గడ్డి, పెంట ఉంటే వాటిని కుళ్లబెట్టే జీవాలకు ఇది ఊతం. ఒట్టి నేల మీద డ్రమ్ములకు డ్రమ్ములు పోస్తే కూలి ఖర్చు తప్ప ఏమీ మిగలదు. ‘జీవామృతం వాడాను, ఏం లాభం లేదు’ అని ఫోన్ చేసేవాళ్లను నేను ముందుగా అడిగేది ఒకటే: దానికి తినడానికి ఏం పెట్టారు?

నవధాన్యాలు చల్లడం అంటున్నారు. వానలకు ముందే విత్తితే విత్తనం పాడవదా?

ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ 2016 నుంచి నడుపుతున్న ప్రకృతి సాగు కార్యక్రమంలో నన్ను బాగా ఆకట్టుకున్నది ఇదే. ఆ కార్యక్రమానికి 2024లో పోర్చుగల్‌లోని గుల్బెంకియన్ ఫౌండేషన్ ఇచ్చే గుల్బెంకియన్ బహుమతి కూడా వచ్చింది, మట్టి శాస్త్రవేత్త రతన్ లాల్‌తోనూ ఈజిప్టు సంస్థ సెకెమ్‌తోనూ కలిపి ఇచ్చారు.

పద్ధతి ఇది. ఏప్రిల్, మే నెలల్లో జొన్న, సజ్జ, కొర్ర; పెసర, మినుము, అలసంద, ఉలవ, కంది; నువ్వు, ఆముదం; గోంగూర, బెండ, బంతి, ఇట్లా ఇంట్లో ఉన్నవన్నీ పది పదిహేను రకాలు కలుపుతారు. వాటికి బీజామృతం (పేడ, మూత్రం, సున్నంతో చేసే విత్తన మందు) పట్టించి, బంకమట్టి, ఘనజీవామృతం (జీవామృతాన్నే గట్టిగా, పొడిగా చేసింది), బూడిదతో గుళికల్లా పొర పట్టించి, ఎండిన నేలలోనే విత్తుతారు. పైన వేరుశనగ పొట్టో, గడ్డో, ఆకో పరుస్తారు. మట్టి పూత వల్ల చీమలు, పిట్టలు ఎత్తుకుపోవు. చిన్న చినుక్కే మొలిచి ఎండిపోయే బాధ తగ్గుతుంది. అసలు వాన పడేసరికి నేల మీద పచ్చటి దుప్పటి సిద్ధంగా ఉంటుంది.

మేము మొదటిసారి చేసినప్పుడు సగమే మొలిచింది. పైన కప్పు వేయడం బద్ధకించాం, అదే తప్పు. ఆ ఏడు అలసంద మాత్రం బాగా వచ్చింది, కోసి బర్రెకు వేశాం. రెండో ఏడు వేరుశనగ పొట్టు పరిచాం, చాలా తేడా వచ్చింది. యాభై రోజులప్పుడు అలసంద మొక్క ఒకటి పీకి వేరు బుడిపెను గోటితో చీల్చి చూస్తే లోపల లేత గులాబీ రంగు ఉండాలి. ఆ రంగుంటే గాలిలోని నత్రజనిని పట్టే పని జరుగుతున్నట్టు. తెల్లగానో, ఆకుపచ్చగానో ఉంటే ఆ బుడిపె ఉత్తదే.

వరి పొలానికి ఏ పచ్చిరొట్ట మంచిది?

నీళ్లు నిలిచే చోట, చౌడు ఉన్న చోట జీలుగ. బాగా ఆరే నేలలో జనుము. వరి కోశాక మిగిలిన తేమలో పిల్లిపెసర, పశువులకు మేతగానూ పనికొస్తుంది. పూత మొదలయ్యే సమయానికి, సుమారు 45 రోజులకు కలియదున్నండి. ముదిరితే కాడ గట్టిపడి మెల్లగా కుళ్లుతుంది. ‘ఇంకో వారం చూద్దాం, ఇంకా పెరుగుతుంది’ అనుకునే దగ్గరే చాలామంది దెబ్బతింటారు. సబ్సిడీ విత్తనం కోసం అదను పోగొట్టుకోకండి, ఒక మడిలో కొంత విత్తనానికి వదిలేస్తే మరుసటి ఏడు ఎవరినీ అడగక్కర్లేదు.

కొయ్యకాళ్లు కాల్చకపోతే నాట్లకు ఎట్లా? టైమ్ ఉండదు కదా?

టైమ్ ఉండదన్న మాట నిజమే. యంత్రం కోశాక మిగిలే మోడు, పరుచుకున్న గడ్డి దమ్ముకు (నాటేముందు నీళ్లలో దున్నడానికి) అడ్డం పడతాయి. కానీ కాలేది ఏమిటో చూడండి. టన్ను వరిగడ్డిలో సుమారు ఐదున్నర కిలోల నత్రజని, 2 కిలోల పైచిలుకు భాస్వరం, 25 కిలోల పొటాష్ ఉంటాయి. కాలిస్తే నత్రజని దాదాపు మొత్తం పొగైపోతుంది. దానితోపాటు పై పొరలోని జీవాలు మాడిపోతాయి. పొటాష్ బస్తా కొనుక్కొచ్చేది మనమే, గడ్డిని తగలబెట్టేదీ మనమే.

నీళ్లు ముందే పెట్టుకోగలిగితే మోళ్లను నీళ్లలో కలియదున్ని, ఎకరానికి ఒక బస్తా సూపర్ ఫాస్ఫేట్ చల్లి, రెండు మూడు వారాలు వదిలితే మెత్తబడుతుంది. అప్పుడు నాటండి. కుళ్లుతున్నప్పుడే నాటితే నారు పసుపెక్కుతుంది, ‘చూశావా, కాల్చకపోతే ఇట్లాగే’ అని పక్కవాళ్లు అననే అంటారు. పత్తి కట్టెకు మాత్రం ముక్కలు చేసే యంత్రం దొరికితేనే సులువు. నలుగురు కలిసి కిరాయికి తెచ్చుకోండి. చేత్తో అయ్యే పని కాదు, అది చెప్పకుండా కాల్చొద్దని చెప్పడం అన్యాయం.

చెరువు మట్టి తోలుకుంటే లాభమా?

ఎర్ర చెలకకు, ఇసుక నేలకు బ్రహ్మాండం. మన పొలాల నుంచి కొట్టుకుపోయిన సన్న మట్టే చెరువులో చేరింది, దాన్నే తిరిగి తెచ్చుకుంటున్నాం. తెలంగాణలో 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు పూడిక మట్టి ఉచితంగా ఇచ్చారు, తోలుకునే ఖర్చు రైతుది. మా చెలకలో అప్పుడు పోసిన ముక్కలో పైరు ఇప్పటికీ రెండు రోజులు ఆలస్యంగా వాడిపోతుంది. వాన వెనకబడ్డ ఏడు ఆ రెండు రోజులకే విలువ.

నల్లరేగడికి ఇది పోయకండి, జిగురు మీద జిగురు. పట్నం మురుగు, ఫ్యాక్టరీ నీళ్లు చేరే చెరువు మట్టి వద్దే వద్దు. ఒడ్డున తెల్లటి పొక్కు కనిపిస్తే ముందు పరీక్ష చేయించండి, చౌడును కిరాయి ఇచ్చి ఇంటికి తెచ్చుకోకూడదు.

చౌడు నేలకు జిప్సం వేస్తే సరిపోతుందా?

ఏ చౌడో తెలియాలి. పాల చౌడు అంటే లవణాలు పేరుకున్న నేల, దానికి జిప్సంతో పని లేదు. మంచి నీళ్లు నిలబెట్టి, లవణాల్ని కరిగించి, బయటికి తీసే కాలువ ఉండాలి. కారు చౌడులో సోడియం ఎక్కువ, ఉదజని సూచిక 8.5 దాటి ఉంటుంది. అక్కడ జిప్సంలోని కాల్షియం సోడియంను తప్పించి దాని చోట కూర్చుంటుంది. తప్పించిన సోడియం నీళ్లతో బయటికి పోవాలి. మురుగు కాలువ లేకుండా జిప్సం వేయడం అంటే చీపురుతో ఊడ్చి చెత్తను గదిలోనే ఉంచుకోవడం. ఎంత వేయాలో ల్యాబే చెప్పాలి. ఆ తర్వాత జీలుగ.

రోటవేటర్ వాడకూడదా?

నేనూ వాడతాను, కానీ ఏటా రెండు మూడుసార్లు కాదు. ట్రాక్టర్ వెనక తిరిగే దాని కత్తులు మట్టిని పిండి చేస్తాయి, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. మొదటి పెద్ద వానకే ఆ పిండి పెచ్చవుతుంది. పైగా ఏటా ఒకే లోతులో తిరిగితే దాని కింద గట్టి పొర ఏర్పడి, వేరు దిగదు, నీరు దిగదు. పార దిగే లోతును బట్టి మీకే తెలుస్తుంది.

వానపాముల్ని కొని పొలంలో వదలొచ్చా?

వద్దు. వర్మీకంపోస్టు కోసం అమ్మేవి కుళ్లే చెత్తలో, పైపైన బతికే రకం. చెలకలో వదిలితే చచ్చిపోతాయి. పొలంలో బొరియలు చేసే ఎర్రలు వేరు. తేమ, నీడ, తిండి ఉంటే అవే వస్తాయి.

నేను కౌలు రైతును. ఈ భూమి వచ్చే ఏడు నాకుంటుందో లేదో. నేనెందుకు బాగుచేయాలి?

ఈ ప్రశ్నకు నా దగ్గర మంచి జవాబు లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం ప్రకారం కౌలు ఒప్పందం 11 నెలలకే. మట్టికి రెండు మూడేళ్లు, కర్బనానికి పదేళ్లు కావాలని ఇంతసేపు చెప్పాను. 11 నెలల కాగితం చేతిలో ఉన్నవాడికి చెరువు మట్టి తోలుకోమని చెప్పే మొహం నాకు లేదు. బాగుచేశాక కౌలు పెంచిన భూస్వాముల్ని నేనెరుగుదును.

అదే పంటలో ఫలితం ఇచ్చేవి మాత్రం చేసుకోండి: జీలుగో, నవధాన్యాలో, సాళ్ల మధ్య అలసందో. విత్తన ఖర్చు మీకు ఆ ఏడే తిరిగొస్తుంది. మట్టి తోలడం, గట్లు వేయడం లాంటివి భూమి గలవాళ్ల ఖర్చు. నోటి మాటగానైనా మూడేళ్లకు అడిగి చూడండి. భూమి ఉన్నవాళ్లు ఇది చదువుతుంటే, మూడేళ్లకు ఇవ్వండి. బాగుపడేది మీ భూమే.

నా దగ్గర డబ్బుల్లేవు. ఈ ఏడు ఒక్కటే చేయగలను. ఏం చేయాలి?

ముందు వాలుకు అడ్డంగా దున్నడం. దీనికి పైసా ఎక్కువ కాదు, ట్రాక్టర్ డ్రైవర్‌తో కాసేపు వాదన తప్ప. వాళ్లకు పొడుగు సాళ్లు కావాలి, అవి చాలాసార్లు వాలు వెంబడే ఉంటాయి. దగ్గరుండి దున్నించండి. ఎకరం మీద 20 మిల్లీమీటర్ల వాన అంటే 80 వేల లీటర్ల నీళ్లు. ఆ నీళ్లకు దిగడానికి దారి చూపిస్తే నేలలోకి, లేదంటే మట్టిని తీసుకుని వాగులోకి. గెట్ల మీద గిరిపుష్పం కొమ్మలు గుచ్చండి, అడిగితే ఎవరైనా ఇస్తారు. రెండేళ్ల తర్వాత ఆ ఆకే ఎరువు.

ఆ తర్వాత ఒక అరెకరం ఎంచుకుని నవధాన్యాలు. మొత్తం పొలం మీద ప్రయోగాలు వద్దు, ఇంట్లో గొడవలవుతాయి. మే నెలాఖరుకల్లా విత్తనం కలిపి, విత్తి, పైన ఏదో ఒక కప్పు వేయండి. పక్కనే ఇంకో అరెకరం ఎప్పటిలాగే వదిలేయండి. మొదటి పెద్ద వాన పడ్డాక, నీళ్లు ఇంకా పారుతుండగానే, గొడుగేసుకుని రెండింటి కింది గెట్టు దగ్గరికి వెళ్లండి. చెరో గ్లాసు నీళ్లు పట్టుకుని ఇంటికి తెచ్చి, పక్కపక్కన పెట్టి చూడండి.